ఉత్తరానికి మందు రాయరట, అన్నయ్యా

చోడవరం దగ్గర నుండి,
మాఘమాసం, ఆదివారం పగలు.

మన ఇంటికి పెద్దవాడివైన అన్నయ్యకు, నీ తమ్ముడు అప్పలసామి రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఇక్కడ నేను, పైడమ్మ, పిల్లలు తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు, పెద్దనాన్న, పెద్దమ్మ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను అని దీని తర్వాత రాయాలి. ఇక్కడికి వచ్చిన నాలుగేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ అదే రాశాను. ఈసారి చెయ్యి ఆడడం లేదు. నువ్వు సుఖంగా లేవని నాకు తెలిసింది.

ఇది నీకు చదివి పెడుతున్న మాస్టారికి ఒక మనవి. మాస్టారూ, అరుగు మీద ఇంకెవరైనా కూర్చుని ఉంటే వాళ్లను ముందు పంపించెయ్యండి. ఆ తర్వాత చదవండి. మధ్యలో ఆపకండి. మా అన్నయ్య లేచి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి.

అన్నయ్యా, వదిన నాకు ఉత్తరం రాయించింది. ఆవిడ మీద కోప్పడకు. రాయించినది నాలుగు ముక్కలే. నువ్వు చిక్కిపోయావట. పొలం నుంచి వచ్చి కూలబడితే మళ్లీ లేవడానికి గుంజ పట్టుకుంటున్నావట. అన్నం సగంలో వదిలేస్తున్నావట. కార్తీకం నుంచి నీ పంచె నువ్వే ఉతుక్కుంటున్నావట. పుట్టిన దగ్గర నుంచి ఒక గుడ్డ తడిపి ఎరగనివాడివి, తెల్లారేసరికి గెడ్డకు పోయి పంచె ఉతికి, పిండి, నీ చేత్తో ఆరేసుకుంటున్నావట. ఎందుకని వదిన అడగలేదు. భయపడి అడగలేదు.

నేను అడగనక్కరలేదు. నాకు తెలుసు. కిందటేడు కోతలకు నేను వచ్చినప్పుడు, మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నాం. నువ్వు నా వైపు చూడకుండా, కొడవలి మొన చూసుకుంటూ అన్నావు: "ఒరే అప్పలసామీ, ఒంటికెల్తే ఎర్రగ పడతన్నాదిరా. నొప్పేటీ లేదు. ఏటంటావు?"

నీ జన్మలో నన్ను ఒక మాట అడిగినది అదే. నేను పురాణం పుస్తకం చంకలో పెట్టుకు తిరిగేవాణ్ణి కదా, జ్ఞానిని కదా. "దేహం మట్టి అన్నియ్యా, మట్టి ఎర్రగానే ఉంతాది. దాని ఊసు మానీసి దేవుణ్ణి తలుసుకో" అన్నాను. నువ్వు నవ్వి, తలపాగా చుట్టుకుని కోతకు లేచావు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ నోటితో అన్న మాటను ఈ చేత్తో వెనక్కు తీసుకుంటున్నాను. అందుకే ఈ ఉత్తరం. తక్కినది అంతా ఎందుకు తీసుకుంటున్నానో చెప్పడం.

ఇక్కడ మాఘం మంచు ఇంకా తగ్గలేదు. పొద్దెక్కేదాకా ఎదర మనిషి కనిపించడు. మేముండేది చోడవరం దాటి గోవాడ పోయే దారిలో ఒక పల్లె. చుట్టూ చెరకే. ఎకరాల కొద్దీ చెరకు నరికి, గానుగాడి, రసం పెనంలో కాచి బెల్లం దిమ్మలు పోస్తారు. నాకు ఈ ఏడు పెనం దగ్గర కలియబెట్టే పని. తల నుంచి కాలి వరకు బెల్లం వాసన. పిల్లలు మొదట్లో నా చేతులు నాకేవారు, ఇప్పుడు వాళ్లకూ మొహం మొత్తింది. పొద్దున చోడి అంబలి, పొద్దుగూకితే అన్నం. తిండికి లోటు లేదు. మన ఇంటి పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ లేడు, అదే లోటు. నన్ను అందరూ పంతులూ అంటారు. మర్యాదకు కొంత, ఎగతాళికి కొంత. సాయంత్రాలు నాయుడుగారి అరుగు మీద పుస్తకం విప్పి నాలుగు మంచి మాటలు చెబుతాను. నాయుడుగారంటే మా గానుగ ఆసామి. నేను చెప్పడం ఎలా ఉంటుందో నీకు తెలుసు, గొంతు ఊరి చివరకు వినిపిస్తుంది. మగవాడు మూలిగితే నాకు ఒళ్లు మండేది. "పురిటి నొప్పులు పడే ఆడది మూలగదు, నీకేటిరా ఈ మూలుగు?" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. మూలిగినవాడు మర్నాటి నుంచి మూలిగేవాడు కాడు. దాన్ని నేను గెలుపు అనుకున్నాను.

నీకు ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఏడాది పైగా నాకు పుస్తకంలో అక్షరాలు కనిపించలేదు. చీమలు పాకినట్టు ఉండేవి. బజారులో పొట్లాం కాగితాలు ఏరుకుని, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా చదువు నేర్చుకున్నవాణ్ణి కదా, కళ్లు పోతున్నాయని ఎలా చెప్పను? పుస్తకం తెరిచి పెట్టుకుని, ఆకులు తిప్పుతూ, నోటికి వచ్చినది చెప్పేవాణ్ణి. పైడమ్మకు కూడా తెలియనివ్వలేదు.

బెల్లం వంటకు ముందు ఇక్కడ ఒక ఆచారం ఉంది. మొదటిరోజు పొయ్యికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మంట వేసే మనిషి చేతికి పసుపుదారంతో కంకణం కడతారు. ఆ వంట ముగిసేదాకా రోజూ తొలి మంట ఆ చేత్తోనే వెయ్యాలి. చెయ్యి మారితే పాకం చెడుతుందని వీళ్ల నమ్మకం. మా పొయ్యికి మంట వేసేవాడు ఎర్రినాయుడు. నలభై దాటిన మనిషి, బండలాంటివాడు, నన్ను బావా అంటాడు. ఈ ఊళ్లో నన్ను వరస పెట్టి పిలిచేది అతనొక్కడే. ఆ కంకణం కట్టే పని ఈ ఏడు నాయుడుగారు నాకు అప్పగించారు. "పంతులూ, పుస్తకంలోంచి నాలుగు మాటలు సదువు" అన్నారు. పుస్తకం తెరిచాను. పొగ ఒకటి, నా కళ్లు ఒకటి. ఏమీ కనిపించలేదు. అందరూ చూస్తున్నారు. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది. "ఈ కంకణం కట్టినవాడు ఆఖరి పెనం దిగేదాకా పొలిమేర దాటరాదు. దాటితే వాడి ఇంటికి కీడు" అన్నాను. గట్టిగా అన్నాను. నాయుడుగారికి ఎంత నచ్చిందో! కిందటేడు సగం వంటలో ఇద్దరు కూలీలు వేరే ఊరు పోయారు. ఎర్రినాయుడు తల వంచి దారాన్ని కళ్లకద్దుకున్నాడు.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, అన్నయ్యా. ఈ పల్లె ఆచారంలోనూ లేదు. నా గుడ్డికళ్లలోంచి పుట్టింది.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఎర్రినాయుడు నడక మారింది. కాళ్లు ఎడంగా వేసి నడిచేవాడు. లంగోటా బిగించి, దాని మీద ఇంకో గుడ్డ బిగించేవాడు. రసం కుండ ఎత్తితే పొత్తికడుపు కింద చెయ్యి పెట్టి ఆగేవాడు. చెప్పుకోలేని చోట వాపు. పక్కవాళ్లు చూశారు. చూసి ఏం చేశారు? "ఏట్రా ఎర్రినాయుడూ, గుడ్డు పెడతన్నావేటి?" అని నవ్వారు. నేనూ నవ్వాను. అతను మాకంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతో ఇక ఎవరికీ చెప్పే దారి మూసుకున్నాడు.

ఆసుపత్రి చోడవరంలో ఉంది. నడిస్తే గంట లేదు. కానీ అది పొలిమేర అవతల. అందుకని ఏం చేశారో విను. అతని పెళ్లాం నూకాలు ఆసుపత్రికి వెళ్లింది. వెళ్లి, మొగుడి నొప్పి తన నొప్పి అని చెప్పింది. కడుపులో నొప్పి, బరువెత్తితే పోటు, తింటే వికారం అని అతను ఇంట్లో చెప్పినది చెప్పినట్టు అప్పజెప్పింది. వాపు మాట మాత్రం చెప్పలేదు, అది ఆడదానికి ఎలా చెబుతుంది? డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కడుపు నొక్కి, సీసాలో ఎర్రమందు పోయించి ఇచ్చాడు. ఆ మందు ఎర్రినాయుడు తాగాడు. వారం తర్వాత మళ్లీ వెళ్లింది, మళ్లీ సీసా తెచ్చింది. మళ్లీ తాగాడు.

ఒక గురువారం పొద్దున, తొలి పెనం పొంగే వేళకు ఎర్రినాయుడు పొయ్యి ముందు ముడుచుకుని పడిపోయాడు. కడుపు తప్పెటలా బిగిసింది. పచ్చటి వాంతులు. మొహం బూడిద. మేమంతా మూగాం. నూకాలు పరుగెత్తుకొచ్చింది.

"ఆసుపత్రికి ఎల్దాం లెగు" అంది.

"ఎల్ను" అన్నాడు. పళ్లు బిగించి నా వైపు చూశాడు. "బావా, నువ్వే గదా కట్టేవు. నువ్వే గదా సెప్పేవు. ఇంటికి కీడంటే ఎవులికి? నాకు ఇద్దరు గుంటలున్నారు బావా."

అప్పుడు నేను అందరి ముందూ చెప్పాను. "ఆ మాట నేను కల్పించేను. పుస్తకంలో లేదు. నాకు అక్షరం కనబడక నోటికొచ్చింది సెప్పేను" అన్నాను.

ఎవరూ నమ్మలేదు, అన్నయ్యా. అబద్ధం చెప్పినప్పుడు నమ్మారు. నిజం చెబితే తలలు ఊపి జాలిపడ్డారు. "పంతులు మంచోడు. మడిసిని బతికించడానికి తనమీదేసుకుంటన్నాడు" అన్నాడు ఒకడు. నేను పుస్తకం తెచ్చి వాళ్ల ముందు పడేశాను. "సూడండర్రా, ఎక్కడుందో సూపించండి" అని అరిచాను. చూపించడానికి చదువు వచ్చినవాడు ఒక్కడూ లేడు. నాకే కనిపించదు. ఎర్రినాయుడు చెయ్యి గుండెకు హత్తుకున్నాడు, దారం తెంపుతానేమో అని.

అప్పుడు నూకాలు నన్ను పక్కకు తోసింది.

"తప్పుకో పంతులూ. నీ మాటలు ఒకనాటికీ అవ్వవు" అంది. మొగుడి ముందు కూర్చుంది. "ఇదిగో, సూడు. పెళ్లిలో ఏటి సెప్పేరు? నీలో సగం నానని సెప్పేరా నేదా?"

"సెప్పేరు" అన్నాడు.

"డాకటేరు కాడ నీ బదులు నాను పడుకున్నానా నేదా? నీ నొప్పి నా నొప్పని సెప్పేనా నేదా? మరి నీ కంకణం నాది కాదేటి?" అని అతని చెయ్యి లాక్కుని, ముడి పళ్లతో విప్పి, ఆ దారం తన చేతికి చుట్టుకుంది. నా వైపు చెయ్యి చాచి, "ముడెయ్యి" అంది. వేశాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని, ఎండిన చెరకు పిప్పి రెండు చేతులా తీసి మంటలోకి తోసింది. "నాను పొలిమేర దాటను. ఆఖరి పెనం దించుతాను. నువ్వు ఎల్లు. పంతులూ, తీసుకెల్లు. బతికించి తే" అంది.

ఆడది ఆ పొయ్యి ముందు కూర్చోవడం ఈ పల్లెలో ఎవరూ చూడలేదు. ఎర్రినాయుడు ఒక్క క్షణం ఆమె చేతిని చూసి, "సరే" అన్నాడు. మంచం మీద వేసుకుని నలుగురం మోశాం.

చోడవరం ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు. గుడ్డ తీసి చూశాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. సీసాల సంగతి నేను చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఆమె గుర్తుంది. కడుపు ఎక్కడ నొక్కినా నొప్పా అని అడిగితే, కాసేపు ఆలోచించి, ఉంటుంది బాబూ అనేది. ఉంటుందేమిటమ్మా, ఉందా లేదా అంటే, ఇంటికెళ్లి అడిగొస్తాను అంది. నేను అమాయకురాలు అనుకున్నాను" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

తర్వాత వరండా చూపించాడు. బారులు తీరి కూర్చున్నవాళ్లు ఆడవాళ్లు, చంటిపిల్లలు. మగవాడన్నవాడు మంచం మీద మా ఎర్రినాయుడొక్కడే. "చూడండి పంతులుగారూ, ఆడవాళ్లు నడిచి వస్తారు. మగవాళ్లు మోసుకురాబడతారు. ఇంత ఊళ్లో మగవాళ్లకు జబ్బులు లేవా?" అన్నాడు. పేగు జారి కింద చిక్కుకుందట, రక్తం ఆడడం లేదట, ఈ రోజే కోసి సరిచెయ్యాలట, తన దగ్గర ఆ సరంజామా లేదట. విశాఖపట్నం పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చాడు. బెల్లం లారీ ఒకటి అనకాపల్లి బజారుకు బయలుదేరుతోంది. దిమ్మల మీద గోనెలు పరిచి పడుకోబెట్టాం. లారీ డ్రైవరు మనసున్నవాడు. అనకాపల్లిలో సరుకు దించకుండానే విశాఖపట్నం పోనిచ్చాడు. దారి పొడుగునా ఎర్రినాయుడు తల నా ఒళ్లో. ఒక్కసారి కూడా మూలగలేదు. "మూలగరా, ఎర్రినాయుడూ, మూలుగు" అని బతిమాలాను. మూలగడం మర్చిపోయాడు. నేనే మరిపించాను.

కోశారు. బతికాడు. మూరెడు పేగు నల్లబడిపోయిందని తీసేశారట. ఒక్క పూట ఆలస్యమైతే మీరు శవాన్ని తెచ్చేవారు అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. పన్నెండు రోజులు మగవాళ్ల వార్డులో అతని మంచం పక్కన నేల మీద ఉన్నాను. అక్కడ చాలా చూశాను, అన్నయ్యా. ఎవరిని అడిగినా ఒకటే కథ. రెండేళ్లు దాచినవాడు, మూడేళ్లు దాచినవాడు. దగ్గులో రక్తం పడితే తమలపాకు నమిలి దాచినవాడు. ఇళ్లలో పెళ్లాలకు తెలియదు. ఆసుపత్రికి పోతే మగతనం తగ్గుతుందనుకున్నారు, పని పోతుందనుకున్నారు, నలుగురూ నవ్వుతారనుకున్నారు. నావంటి నోటి దురద ఉన్నవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడున్నాడు కాబోలు.

పక్క మంచం మీద నీ వయసువాడు, రావికమతం వైపు రైతు. ఒంటికి వెళితే ఎర్రగా పడేదట. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడట. ఆ మాట వినగానే లేచాను. నేను పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లాను. వెళ్లి ఏం చేశానో తెలుసా? సిగ్గుపడుతూ రాస్తున్నాను. "అయ్యా, నాకు ఒంటికి వెళితే ఎర్రగా పడుతోంది. ఏడాది పైనైంది" అన్నాను. అవును, నూకాలు చేసిన పనే చేశాను. ఆయన బల్ల ఎక్కమన్నాడు. సీసా ఇచ్చి పొయ్యమన్నాడు. చూసి, "తెల్లగా ఉందే" అన్నాడు. అప్పుడు చెప్పాను, నాకు కాదు, మా అన్నయ్యకు అని. రైలు దారిన నౌపడా అవతల ఉంటాడు, రాడు, మందు రాసివ్వండి, ఉత్తరంలో పెట్టి పంపుతాను అని.

ఆయన విసుక్కోలేదు. "ఉత్తరానికి నేను మందు రాయలేను. మనిషిని తీసుకురా. రాయి కావచ్చు, పుండు కావచ్చు, కణితి కావచ్చు. రాయైతే తీసేస్తాం. కణితైనా తొందరగా వస్తే చెయ్యగలిగింది ఉంటుంది. నొప్పి లేదని ఊరుకోవద్దని చెప్పు. నొప్పి వచ్చేదాకా ఆగితే నా దగ్గరకు వచ్చీ లాభం లేదు" అన్నాడు.

ఆయన మాటలు నేను మార్చలేదు, కలపలేదు. ఈ మధ్య ఏమీ కలపడం లేదు.

నా కళ్లు కూడా చూశారు. అద్దాలు ఇచ్చారు. పెట్టుకుని పుస్తకం విప్పాను. ఏడాదిగా చూడని అక్షరాలు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఎక్కడ తెరుచుకుందో తెలుసా? తమ్ముడు యుద్ధంలో మూర్ఛపోయి పడి ఉన్న చోట. దేవుడంతటివాడు, ఆ అన్న ఏం చేశాడు? దేహం మట్టి అన్నాడా? ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. వైద్యుణ్ణి పిలిపించారు. మందు కోసం కొండకు మనిషిని పంపారు. వందసార్లు ఆ ఘట్టం ఊగిపోతూ చెప్పాను. ఒక్కసారీ వైద్యుడి మాట దగ్గర ఆగలేదు. చావు ఎరగని దేవతలకు సైతం ఇద్దరు కవల వైద్యులున్నారని అదే పుస్తకం చెబుతుంది. దేవతలకు కావలసిన వైద్యుడు మన పల్లె మగవాడికి అక్కరలేదా? ఎవడు చెప్పాడు? నేనే చెప్పాను! మనకు మనం దేవతలకంటే గట్టివాళ్లమని చెప్పుకుని, పంచెల్లో రక్తం దాచుకుంటున్నాం. దీన్ని ధైర్యమంటారా? భయం, అన్నయ్యా, ఉత్త భయం. దానికి మీసం పెట్టి తిప్పుతున్నాం.

కోప్పడకు. గొంతు మళ్లీ పెరిగింది. ఒంట్లో ఓపిక మాత్రం లేదు.

మేము తిరిగి వచ్చేసరికి నూకాలు ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. పన్నెండు రోజులూ తొలి మంట ఆమే వేసింది. పాకం చెడలేదు. జుట్టు ముంగుర్లు కాలిపోయాయి, అరచేతులు బొబ్బలు. మొగుణ్ణి చూసి ఏడవలేదు. "నడుసుకుంటా వచ్చేవా, మోసుకొచ్చేరా?" అని అడిగింది. "నడిసే వచ్చేను" అన్నాడు. "ఐతే కూకో. గంజి తాగు" అంది. ఆరు నెలలు బరువెత్తకూడదట అతను. ఎత్తితే ఆమె ఊరుకోదు.

ఇప్పుడు ఆ అరుగు మీద సాయంత్రాలు వేరే పురాణం. పుస్తకం మూసి, మగవాళ్లను ఒక్కొక్కణ్ణీ అడుగుతాను: "ఒంట్లో ఎక్కడ బాగులేదు?" అందరూ కాలి గోళ్లు చూసుకుంటారు. మర్నాడు పొలంలో ఒక్కడే నా పక్కకు వచ్చి, చెరకు ఆకు తుంచుతూ, వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు చెబుతాడు. శనివారం చోడవరం సంతకని బయలుదేరి, ఆ దారినే ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. నిన్న ముగ్గురు వచ్చారు. ఒకడు గుమ్మం దాకా వచ్చి పారిపోయాడు, వాడి వెంట పరిగెత్తాను, కాళ్లు పట్టేశాయి. నాయుడుగారు మొహం మాడ్చుకుని ఉన్నారు. పంతులుకు భక్తి తగ్గింది, ఒంటి జబ్బుల పిచ్చి పట్టింది అని చాటున అంటున్నారట. అననీ. పగలు పెనం, సాయంత్రం అరుగు, శనివారాలు ఆసుపత్రి. కూర్చున్న చోటే కళ్లు మూతపడుతున్నాయి. ఐనా నీ సంగతి తేలేదాకా నాకు నిద్ర ఒంటపట్టదు. ఊళ్లో అందరినీ లాక్కుపోతున్నాను, లాక్కుపోవలసినవాడివి నువ్వు రైలు దూరంలో ఉన్నావు. నీ బదులు నేను బల్ల ఎక్కి చూశాను. కుదరలేదు. ఆ ఒక్క పనికి మనిషి బదులు మనిషి పనికిరాడు.

అందుకని ఇలా చెయ్యి. ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి అందుతుంది. సోమవారం పొద్దున నౌపడాలో పాసింజరు ఎక్కు. వదినను కూడా తీసుకురా. పిల్లలను పెద్దమ్మ చూసుకుంటుంది. ఒక దుప్పటి, ఒక చెంబు, రెండు పంచెలు తెచ్చుకో, చాలు. ఇంకేమీ సర్దకు. పైడమ్మ కాసిని ఉద్దానం జీడిపప్పులు అడుగుతోంది, మర్చిపోతే పోనీ. పొలం సంగతి పెద్దనాన్న చూస్తాడు. నువ్వు లేకపోతే ఎద్దులు ఎవరి మాటా వినవని అంటావు. నువ్వు అసలే లేకుండా పోతే అవి ఎవరి మాట వింటాయి? నేను ఆదివారమే బయలుదేరి వాల్తేరు స్టేషనులో ఉంటాను. అద్దాల మనిషిని చూసి ఎవరో అనుకోకు, నేనే. పెద్ద డాక్టరు మన కోసం మంగళవారం అన్నారు. బల్ల మీద నువ్వు పడుకున్నప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉంటాను. నన్ను లోపలికి రమ్మంటే వస్తాను. సిగ్గేస్తే గోడ వైపు తిరుగుతాను.

సోమవారం బండిలో నువ్వు దిగకపోతే తర్వాతి బండికి చూస్తాను. దానిలోనూ లేకపోతే మంగళవారం బండికి చూస్తాను. ఆపైన నేనే వచ్చి ఎద్దుబండి మీద వేసుకుని తెస్తాను. ఊరంతా చూస్తుంది. అంతదాకా తేకు.

మాస్టారూ, ఓపికతో చదివినందుకు దణ్ణం. మీరు దగ్గుతూ చదువుతున్నారేమో, మా వదిన ఉత్తరంలో మీరు పొరపాటున మీ దగ్గు సంగతి కూడా రాశారు. సోమవారం బండిలో ఇంకొకరికి చోటుంటుంది.

పెద్దనాన్నకు, పెద్దమ్మకు నా సాష్టాంగ దణ్ణాలు. వదినకు ప్రత్యేకంగా దణ్ణం, ఆవిడ రాయించిన నాలుగు ముక్కలకు. పిల్లలకు నా ముద్దులు. పైడమ్మ నీ కాళ్లకు మొక్కుతున్నానని రాయమంది.

ప్రతి ఉత్తరం చివరా నీ ఆశీర్వాదం అడిగేవాణ్ణి, నువ్వు మాస్టారి చేత రాయించి పంపేవాడివి. ఈసారి రాయించి పంపకు. సోమవారం బండి దిగి, నా నెత్తిన నీ చెయ్యి పెట్టు.

నీ కోసం వాల్తేరు స్టేషనులో నిలబడి ఉండే,
నీ తమ్ముడు
అప్పలసామి